రాష్ట్రం గడిలో రాష్ట్రపతి

ఆ ఏడు వేసవి ముందర రెండు వారాలపాటు నేను కుదురుగా కూర్చున్నది లేదు. అన్నం మధ్యలో లేచేదాన్ని. పాలు పొయ్యిమీద పెట్టి పెరట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడికెళ్ళేక ఎందుకొచ్చేనో తోచక మళ్ళీ లోపలికి వచ్చేదాన్ని. మా అత్తగారు వసారాలో కూర్చుని నా తిరుగుడంతా చూసి, "పరీక్ష పిల్లకా, నీకా?" అనేవారు.

పరీక్ష మా పెద్దపిల్లకే. కొత్తపేట హైస్కూల్లో ఫస్టుఫారం ఎంట్రన్సు. ఆరో క్లాసుని అప్పట్లో ఫస్టుఫారం అనేవారు. మా ఊరి బడి అయిదో క్లాసుతో సరి. ఆపైన చదవాలంటే కాలవగట్టు మీద కోసెడు దూరం నడిచి కొత్తపేట వెళ్ళాలి. దారిలో ఒకచోట కాలవమీద వంతెనగా వేసిన తాటిపట్టె దాటాలి. ఆడపిల్లని అంతదూరం పంపడం మా అత్తగారికి ససేమిరా ఇష్టం లేదు. మావారికి ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఆయన పొలంనించి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు నేనే గట్టిగా అడిగేను. ఆయన వాళ్ళమ్మ వైపు చూసేరు. ఆవిడ ఒక మాట చెప్పేరు.

"ఒక్కసారి రాయనీండి. సీటొస్తే వెళ్తుంది. రాకపోతే మళ్ళీ ఏడాది చూద్దాం, ఇంకోచోట చూద్దాం అనడం మాత్రం లేదు. ఇంట్లో ఉంటుంది."

"ఆయ్," అన్నారు మావారు. నేనూ ఆయ్ అన్నాను. ఇంకేమంటాను.

నేను చదివింది మూడో క్లాసు. అదీ పూర్తిగా కాదు. యుద్ధం మొదలైన రోజులు. మా తమ్ముడు పుట్టేడు, ఉయ్యాల ఊపడానికి మనిషి కావాలన్నారు, నన్ను మానిపించేరు. నా పలక నెయ్యిగిన్నె మీదికి మూతగా పనికొచ్చింది. కూడబలుక్కుంటూ చదవగలను, ఉత్తరం ముక్క రాయగలను, అంతే. మా బడి గోడకి ఇంగ్లీషు రాజుగారి పటం ఉండేది. పొద్దున్నే దానికెదురుగా వరసలో నిలబెట్టి దణ్ణం పెట్టించేవారు. స్వతంత్రం వచ్చేక పుట్టింటికి వెళ్ళినప్పుడు బడి అరుగు మీంచి లోపలికి తొంగిచూసేను. పటం లేదు. మేకు ఉంది. పటం ఉన్నంతమేరా గోడ తెల్లగా ఉంది. దాని చోట ఇంకెవరినీ పెట్టలేదు. రాజుగారు పోయేరు, ఆ చోటు ఖాళీ అని నా బుర్రలో అలా ఉండిపోయింది. అది అలా ఉండిపోవడం ఎంత పని చేసిందో చెప్తాను.

మా పిల్లకి లెక్కలు నోటితో వచ్చేసేవి. డిక్టేషను తప్పులు లేకుండా రాసేది. దానికి పట్టుబడనిది ఒక్కటే, సాంఘికంలో మన పరిపాలన అన్న పాఠం. రాజులు పోయి ప్రజలే పాలించుకోవడం, ఎవరు ఎవరిని ఎన్నుకుంటారు, ఎవరి పని ఏమిటి, అదంతా. సాయంత్రం గడగడా అప్పచెప్పేది. తెల్లారేసరికి ఒక్క ముక్క మిగిలేది కాదు. మా ఊరి బడి మాస్టారు పిల్లచేత కబురంపేరు. హైస్కూలు హెడ్మాస్టారు ఈ మధ్య ప్రతి పిల్లనీ ఎదురుగా నిలబెట్టి ఆ పాఠంలోంచే అడుగుతున్నారుట. ఆ నోటిపరీక్ష తప్పితే మిగతావి బాగా రాసినా లాభం లేదుట. కబురుతోబాటు ఇంకో మాట కూడా చెప్పి పంపేరు, పిల్ల దగ్గరున్న పుస్తకంలో ఒక కాగితం లేదు, కొత్తది కొనమని.

ఆ పుస్తకం పక్కింటివాళ్ళ పెద్దబ్బాయి చదివి వదిలేసింది. అట్టకి నేనే గంజిపెట్టి గుడ్డ అతికించేను. నాకు కోపం వచ్చింది. "ఒక్క కాగితం పోతే పుస్తకం పుస్తకం కాకుండా పోదు అని చెప్పు మీ మాస్టారితో," అన్నాను పిల్లతో. అది అలాగే చెప్పిందిట.

పోయిన కాగితం సరిగ్గా ఆ పాఠం మధ్యలోది. నేను కూడబలుక్కుంటూ చదివి చూసేను. ఈ పేజీ చివర మన దేశానికి ఇప్పుడు రాజు లేడని ఉంది. ఆ తరవాతున్న పేజీ మొదట, రాష్ట్రపతిని ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు ఎన్నుకుంటారని ఉంది. రెండు పేజీలూ చక్కగా అతుక్కున్నట్టే ఉన్నాయి. మధ్యలో ఏదో పోయినట్టు అనిపించలేదు. పోయినా ముఖ్యమైనది పోలేదనుకున్నాను. మావారిని అడిగేను.

"రాష్ట్రపతి అంటే ఎవరండీ?"

"పెద్దాయన."

"ఎంత పెద్దాయన?"

"మనం చూడలేనంత. అన్నం పెడతావా?"

ఒకరోజు మధ్యాహ్నం పిల్ల పక్కింటి పిల్లలతో వైకుంఠపాళి ఆడుతోంది. పాఠం రానిది, ఆ పటంలో ఏ పాము ఎక్కడ మింగి ఎక్కడ దింపుతుందో కళ్ళు మూసుకుని చెప్తోంది. నేను చేటలో బియ్యం ఏరుతూ విన్నాను. చేట పక్కన పెట్టి లేచేను. పొయ్యిలోంచి ఆరిన బొగ్గుముక్క తెచ్చి వసారా గచ్చుమీద కిందనించి పైకి ఆరు గడులు గీసేను. ముగ్గుపిండితో గియ్యచ్చు, కాని ఎవరి కాలు తగిలినా చెరిగిపోతుంది, పిండి దండగ.

అడుగున ఇల్లు. దానిమీద ఊరు. ఆపైన తాలూకా, జిల్లా, రాష్ట్రం, దేశం. ఒక్కో గడిలో ఎవరుంటారో నాకు తెలిసినంతలో పెట్టేను. ఊరి గడిలో ప్రెసిడెంటుగారు. మా ఊళ్ళో ప్రెసిడెంటంటే పంచాయితీబోర్డు ప్రెసిడెంటుగారే, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని మాకెవరికీ తెలీదు. తాలూకాకి తాసీల్దారు. జిల్లాకి కాకినాడ కలెక్టరు. రాష్ట్రం గడికి వచ్చేసరికి నేను తడుముకోలేదు. మాకు ఆంధ్రరాష్ట్రం వచ్చి అప్పటికి ఇంకా రెండేళ్ళు నిండలేదు, ఎక్కడ విన్నా రాష్ట్రం రాష్ట్రం అన్న మాటే. రాష్ట్రానికి పతి రాష్ట్రపతి. అందులో అడగవలసిందేముంది. ఆయన్ని ఆ గడిలో కూర్చోబెట్టేను. పైన దేశం గడి ఖాళీగా వదిలేసేను. రాజు పోయేడు కదా.

ఆట ఇలా పెట్టేను. నాలుగు గవ్వలు వెయ్యాలి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గడులు ఎక్కచ్చు. కాని ఎక్కిన గడిలో ఎవరుంటారు, వారి పనేంటి, వారిని అక్కడ ఎవరు పెట్టేరు, ఈ మూడూ చెప్పాలి. చెప్పలేకపోతే కిందికొచ్చి ఇంటిగడిలో కూర్చుని పది కొబ్బరాకులు చీల్చి ఈనెలు తియ్యాలి. ముందు పైగడికి చేరినవాళ్ళు గెలిచినట్టు. ఆ గడిలో ఎవరంటే మాత్రం ఎవరూ లేరు అని చెప్పాలి.

మొదటిరోజు నలుగురు పిల్లలు. మూడోరోజుకి తొమ్మిదిమంది. నేను నవ్వుతూ ఆడించే మనిషిని కాను. అల్లరి చేస్తే వెళ్ళిపొమ్మనేదాన్ని. అయినా వచ్చేవారు. ఆ పదిరోజుల్లో మా ఇంటికి ఏడాదికి సరిపడా చీపుళ్ళు తయారయ్యేయి.

ఎన్నికలు కూడా పెట్టించేను. పాఠంలో ఉన్న ఆ వాక్యం, ప్రజలు ఎన్నుకున్నవాళ్ళు మళ్ళీ ఎన్నుకోవడం, నాకే మొదట బోధపడలేదు. రెండుమూడుసార్లు చదివి పిల్లలచేత చేయించి చూసేను. తలా ఒక చింతపిక్క ఇచ్చేను. ముగ్గురి పేరున మూడు కొబ్బరిచిప్పలు పెట్టి, వాటిలో కాదు, ముందు మీ పిక్కలతో మీకు నచ్చిన నలుగుర్ని ఎంచుకోండి అన్నాను. ఆ నలుగురూ గడ్డిమేటు వెనక్కి వెళ్ళి, తలా ఒక చింతపిక్క ఆ చిప్పల్లో వెయ్యాలి. ఎవరి చిప్పలో ఎక్కువ పడితే వారు రాష్ట్రపతి. మిగతా పిల్లలు, "మేమూ వేస్తాం," అని గోల.

"మీరు వేసేసేరు. మీరు వేసినవాళ్ళు ఇప్పుడు వేస్తారు," అన్నాను.

ఒకరోజు మా పిల్ల చిప్పలో మూడు పిక్కలు పడ్డాయి. రాష్ట్రం గడిలోకి వెళ్ళి కూర్చుంది. పక్కింటి కుర్రాడు ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల పతి ఎలా అవుతుంది? పతి అంటే మగాడు."

మా అత్తగారు వత్తులు చేసుకుంటూ, "వాడన్నదీ నిజమే. పతి అంటే మొగుడే కదా. ఇది రాష్ట్రానికి మొగుడవుతుందిటా?" అన్నారు.

"పుస్తకంలో ఆడా మగా అని రాయలేదండి," అన్నాను.

"నీ పుస్తకంలో రాయనివి చాలానే ఉన్నాయటగా. కాగితాలే లేవుట."

పిల్లలందరూ నవ్వేరు. నేను పక్కింటి కుర్రాడిచేత పది ఆకులు చీల్పించేను, నవ్వినందుకు.

ఊరి గడిలో ఎవరు కూర్చుంటే వాళ్ళు ప్రెసిడెంటుగారిలా మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు వాళ్ళే. ఆయన గొంతు పెద్దది. ఊళ్ళో ఎవరి గేదె పొలంలో పడ్డా ఆయన గొంతు కాలవ అవతలికి వినిపించేది. పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం పక్కింటి కుర్రాడు ఆ గడిలో నిలబడి, నడుంమీద చేతులు పెట్టి, "ఎవరిదర్రా ఈ గేదె, బందెలదొడ్డికి తోలండి. నూతిలో బ్లీచింగు వేసేరా లేదా? లాంతర్లకి కిరసనాయిలు ఎవరు తాగేసేరు?" అని కేకలేస్తున్నాడు. పిల్లలు నవ్వలేక చస్తున్నారు. ఉన్నట్టుండి అందరి నవ్వూ ఆగిపోయింది. చూస్తే దడి అవతల ప్రెసిడెంటుగారు.

నేను పమిట సర్దుకుని లేచి నిలబడ్డాను. వరసకి ఆయన నాకు బాబాయిగారు అవుతారు.

"ఏవమ్మా, నన్ను పట్టుకొచ్చి మీ వసారాలో కట్టేసేరా?" అన్నారు ఆయన తడిక తీసుకుని లోపలికొస్తూ.

"పిల్లలాట బాబాయిగారూ. ఏమనుకోకండి."

"అనుకోడానికేముంది. వీడు నాకన్నా బాగా అరుస్తున్నాడు. వచ్చే ఎన్నికల్లో వీణ్ణి నిలబెట్టచ్చు." వంగి గడులు చూసేరు. ఒక్కోటీ చదువుతూ పైకి వెళ్ళేరు. అయిదో గడి దగ్గర ఆగేరు. "రాష్ట్రపతి ఇక్కడున్నారేంటమ్మా?"

"రాష్ట్రానికి ఆయనే కదండీ."

"కాదు. దేశానికి. ఢిల్లీలో ఉంటారు."

నేను ఆ గడి వైపు, దానిమీది ఖాళీ గడి వైపు చూసేను.

"మన రాష్ట్రానికి గవర్నరుగారు, కర్నూల్లో ఉంటారు. హిందీవాళ్ళు దేశాన్ని రాష్ట్రం అంటారు. ఆ రాష్ట్రానికి పతి ఆయన. మన రాష్ట్రానికి కాదు. ఇంగ్లీషులో ఆయన్నీ ప్రెసిడెంటనే అంటారు తెలుసా? ఇద్దరిదీ ఒక్క పేరే, ఆయనిదీ నాదీ. ఆయన ఉత్తరాలు నాకు రాకుండా ఉంటే చాలు." ఆయన జోకుకి ఆయనే నవ్వి, నేను నవ్వకపోవడం చూసి, "ఏంటమ్మా, పిల్లకి రేపేనా?" అన్నారు.

"ఆయ్."

"ఇంకా పొద్దుంది. మార్చి చెప్పెయ్యి." వెళ్ళిపోయేరు.

మార్చి చెప్పెయ్యడం. పదిరోజులు. రోజుకి ఎన్నిసార్లు ఆ గడి ఎక్కిందో, ఎన్నిసార్లు పైన ఎవరూ లేరని చెప్పిందో. ఈ పిల్లకి మామూలుగా చెబితే నిలవదు, ఆటలో చెబితే పోదు. తప్పుని నేనే పోకుండా మేకు కొట్టి పెట్టేను. మిగతా పిల్లల్ని ఇళ్ళకి పంపేసేను. వసారాలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేను. చెప్పకుండా ఊరుకుందామా అని కూడా ఆలోచించేను, నిజం చెప్పాలి. హెడ్మాస్టారు వేరే ఏదో అడగచ్చు. చెబితే పిల్ల ఉన్నదీ మరిచిపోతుందేమో. చెప్పకపోతే, అదే అడిగితే, అది ఠకీమని తప్పు చెప్తుంది, నామీద నమ్మకంతో.

తడిగుడ్డ తెచ్చి పై రెండు గడులూ తుడిచేను. బొగ్గు అంతా పులుముకుని నల్లటి మరక అయింది. దాని పక్కనే మళ్ళీ గీసేను. పిల్లని పిలిచి చెప్పేను. రాష్ట్రపతి ఇక్కడ కాదు, ఇక్కడ. ఈ గడిలో గవర్నరు. పైగడి ఖాళీ కాదు.

అది నా మొహంలోకి చూసింది.

"నువ్వే కదమ్మా చెప్పేవు ఎవరూ లేరని."

"చెప్పేను."

"ఇప్పుడది తప్పా?"

"తప్పు."

"మరి మిగతావాటిలో ఏవి తప్పో నాకెలా తెలుస్తుంది? తాసీల్దారు నిజమేనా? కలెక్టరు నిజమేనా? చింతపిక్కలు నిజమేనా?"

అవి నిజమేనని నాకు మాత్రం ఎవరు చెప్పేరు. దాని కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. నేను ఏడిస్తే కోప్పడే తల్లిని. ఆరోజు కోప్పడలేదు.

"తప్పు నాది. పుస్తకం కొనమంటే కొనలేదు. మాస్టారిని అడగనైనా అడగలేదు," అన్నాను.

ఆ ఇంటికి కోడలుగా వచ్చి పన్నెండేళ్ళయింది, తప్పు నాది అన్న మాట ఒక్కరితో కూడా అనలేదు. మా అత్తగారు అక్కడే ఉన్నారు. వత్తులు చేస్తున్న చెయ్యి ఆగింది. ఇంక దెప్పుతారనుకున్నాను. ఆవిడ పత్తి పక్కకి పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి, గడుల పక్కన పీట వాల్చుకున్నారు.

"ఏదీ, ఆ గవ్వలిటియ్యి. నాకు ఇవేవీ రావు. నువ్వు చెప్పు, నేను ఆడతాను," అన్నారు మనవరాలితో.

"నీకెందుకు మామ్మా?"

"రేపు తప్పితే మామ్మ పంపనివ్వలేదు అని ఊరంతా నన్నంటారు. వెయ్యి."

ఆవిడ వేసేరు. మూడు పడ్డాయి. జిల్లా గడి. "ఇక్కడెవరు?" "కలెక్టరు." "ఏం చేస్తాడు?" పిల్ల చెప్పింది. మళ్ళీ వేసేరు. రెండు పడి పైకి వెళ్ళేరు. "ఇక్కడెవరు? రాజా?" "కాదు మామ్మా, రాజు పోయేడు." "పోతే?" "రాష్ట్రపతి." "ఆయన మన రాష్ట్రంలో ఉండాలి కదే." "కాదు మామ్మా, ఈ రాష్ట్రం వేరు, ఆ రాష్ట్రం వేరు." "ఎలాగే వేరు? నాకర్థం కాలా." పిల్ల మళ్ళీ చెప్పింది. ఆవిడ మళ్ళీ అర్థం కాలేదన్నారు. నిజంగా అర్థం కాలేదో, కావాలని అడిగేరో నాకు ఇప్పటికీ తెలీదు. దీపాలవేళ దాకా అలా అడుగుతూనే ఉన్నారు. నేను వంటింట్లోంచి రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళేను. కూర మాడింది.

మర్నాడు పొద్దున్నే మావారు మమ్మల్ని తాటిపట్టె దాటించి పొలానికి వెళ్ళిపోయేరు. మిగతా దారి పిల్లా నేనూ నడిచేం. దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని నోరు కట్టేసుకున్నాను. కొత్తపేట పొలిమేరలో అదే అంది, "అమ్మా, గవర్నరా, కలెక్టరా, ముందెవరు?" "వెళ్ళు, అక్కడ గుర్తొస్తుంది," అన్నాను.

రాతపరీక్ష అయింది. తరవాత ఒక్కొక్కర్నీ హెడ్మాస్టారి గదిలోకి పిలుస్తున్నారు. నేను బయట వరండాలో, కిటికీకి కాస్త ఎడంగా నిలబడ్డాను. కూర్చోమని ఎవరో బెంచీ చూపించేరు. కూర్చోలేకపోయేను. మా పిల్ల వంతు వచ్చింది. లోపల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"మన దేశంలో అన్నిటికన్నా పెద్ద పదవి ఎవరిది?"

నేను వరండా స్తంభం పట్టుకున్నాను.

"తెలీదా అమ్మాయ్?"

"తెలుసండి. పైగడి ఆయనదండి."

"పైగడేంటి?"

"ఆరో గడండి. ముందు అక్కడ రాజుగారండి. ఆయన వెళ్ళిపోయేక మొన్నటిదాకా ఎవరూ లేరండి. నిన్న రాష్ట్రపతి వచ్చేరండి."

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టారు మాత్రం నవ్వలేదు.

"నిన్న ఎక్కణ్ణించి వచ్చేరు?"

"రాష్ట్రం గడిలోంచండి. మా అమ్మ మార్చిందండి."

నాకు అక్కడే భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. లోపలికెళ్ళి, బాబూ తప్పు పిల్లది కాదు అని చెప్పేద్దామని రెండడుగులు వేసేను. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టేడు.

"మీ అమ్మ రాష్ట్రపతిని మార్చిందా?" అన్నారు హెడ్మాస్టారు. "సరే. గీసి చూపించు."

సుద్దముక్క నేలమీద గీసిన చప్పుడు వినిపించింది. తరవాత పిల్ల గొంతు. ఒక్కో గడీ చెప్పుకుంటూ పోయింది. ఊరి గడి దగ్గర మా ప్రెసిడెంటుగారి గొంతు కూడా పెట్టింది, నేను వద్దని చెప్పడం మరిచిపోయేను. ఈసారి నవ్వింది హెడ్మాస్టారే. పిల్ల తాసీల్దారుని, కలెక్టరుని, గవర్నరుని వరసన పెట్టింది. పైకి వెళ్ళింది.

"ఈయన్ని ఎవరు ఎన్నుకుంటారు? మీ నాన్నా?"

"కాదండి. మా నాన్న వేస్తే కొంతమంది వస్తారండి. వాళ్ళు గడ్డిమేటు వెనక్కి వెళ్ళి వేస్తారండి."

"గడ్డిమేటు వెనక్కా?"

"ఢిల్లీలో అండి. మా ఇంట్లో గడ్డిమేటు."

"ఆడపిల్లలు రాష్ట్రపతి అవ్వచ్చా?"

నేను కిటికీ దగ్గరికి ఒక అడుగు జరిగేను.

"నేను ఒకసారి అయ్యేనండి. మూడు పిక్కలు పడ్డాయండి."

ఇంక చాలన్నారు. పిల్ల బయటికి వచ్చింది. మొహంలో ఏమీ తెలీడం లేదు. వెనకాలే హెడ్మాస్టారు గుమ్మందాకా వచ్చి నన్ను చూసేరు. నేను తల దించుకున్నాను. "మీరేనా అమ్మా?" అన్నారు. ఆయ్ అన్నాను. తల ఊపి లోపలికి వెళ్ళిపోయేరు. బాగుందనీ లేదు, బాగులేదనీ లేదు.

లిస్టు మూడురోజుల తరవాత పెడతామన్నారు. ఆ మూడురోజులూ ఎలా గడిపేనో చెబితే నవ్వుతారు. అటక మీదున్న ఇత్తడి బిందెలన్నీ దింపి చింతపండుతో తోమేను. తోమినవి మర్నాడు మళ్ళీ తోమేను. దూలాలకి పట్టిన బూజు దులిపేను. పాత గోనెసంచులు విప్పి కుట్టేను. మా అత్తగారు, "నీకు పనిలేకపోతే నన్ను కూడా తోమేసేలా ఉన్నావు," అన్నారు. పిల్ల మాత్రం హాయిగా తిరుగుతోంది. పక్కింటి పిల్లలతో మళ్ళీ గడులు గీసుకుంది. పైగడిలో ఎవరంటే మిగతా పిల్లలు ఇంకా ఎవరూ లేరనే అంటున్నారు, అది కూర్చుని వాళ్ళని దిద్దుతోంది.

మూడోరోజు మావారు వెళ్ళి చూసొస్తానన్నారు. నేను ఆగలేకపోయేను. నేనే బయల్దేరేను. పిల్లని తీసుకెళ్ళలేదు. రాకపోతే ఆ కాగితం ముందు దాన్ని నిలబెట్టడం ఎందుకని. కొత్తపేట వెళ్ళేసరికి బడి గోడ దగ్గర పదిమంది ఉన్నారు. చీటీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. నేను కూడబలుక్కుని చదవాలి కదా, పైనించి ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చేను. వెనకవాళ్ళు తొందరపెట్టేరు. నేను కదల్లేదు. సగం దాటింది. ఇంకా దాటింది. చివరికి దగ్గరపడ్డాక మా ఇంటిపేరు కనిపించింది. ఇంటిపేరు చూసి నమ్మలేదు, పిల్ల పేరు పూర్తిగా చదివేను. మళ్ళీ చదివేను. మా ఊళ్ళో మా ఇంటిపేరువాళ్ళు ఇంకెవరైనా రాసేరా అని ఆలోచించేను. రాయలేదు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, "అయితే గొడుగు కొనాలి. తాటాకు గొడుగు కొంటే వానకి ఆగదు," అన్నారు. అంతే. ఇచ్చిన మాట మళ్ళీ తిరగతోడలేదు. నాకు కళ్ళు తడి అవుతుంటే పెరట్లోకి వెళ్ళేను.

బళ్ళు తెరిచేముందు ఫస్టుఫారం సాంఘికం పుస్తకం తెప్పించేను. కొత్తదే. కాగితాలన్నీ ఉన్నాయా అని ఒక్కోటీ లెక్కపెట్టి చూసేను. ఆ సాయంత్రం అది పమిట కింద పెట్టుకుని మా ఊరి బడికి వెళ్ళేను. పిల్లలు వెళ్ళిపోయేరు. మాస్టారు తలుపులు వేస్తున్నారు. మూడో క్లాసు మానేసేక నేను ఒక మాస్టారి ఎదుట నిలబడడం అదే.

"ఏవమ్మా, అమ్మాయికి సీటొచ్చిందిటగా," అన్నారు ఆయన.

"ఆయ్. మీతో ఒక పని ఉందండి."

"చెప్పండి."

"ఈ పుస్తకం నాకు చెప్పాలండి. పిల్లకి ఈ పాఠాలు మొదలుపెట్టకముందే."

"పిల్లకి వాళ్ళు చెప్తారు కదమ్మా. మీకెందుకు?"

"నేనూ చెప్తానండి, ఊరుకోలేను. తెలీకుండా చెబితే మళ్ళీ తప్పు చెప్తాను."

పుస్తకం కొనమని ఆయన కబురంపడం, నేను పొగరుగా జవాబు పంపడం ఇద్దరికీ గుర్తే. ఆయన ఆ మాట ఎత్తలేదు. వేస్తున్న తలుపు మళ్ళీ తీసి, మీ అత్తగారిని కూడా తీసుకొచ్చి కూర్చోబెట్టుకోండి, ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనకుండా ఉంటుంది అన్నారు. రేపటినించి తీసుకొస్తానన్నాను. ఇవాళ్టికి తలుపులు రెండూ బార్లా తీసి పెట్టమన్నాను. చిన్నపిల్లల బల్ల ఒకటి గుమ్మం దగ్గరికి లాగేరు. మోకాళ్ళు పట్టలేదు. పక్కకి తిరిగి కూర్చున్నాను.

"మొదటి పేజీ తియ్యండి. చదవండి," అన్నారు.

చదివేను. రెండో వాక్యంలోనే ఒక మాట దగ్గర ఆగి, ఇదేంటండీ అని అడిగేను.